ఉప్పునేల మీద నేను ఏరిన కట్టెలు

ఒక మోపు పొయ్యికట్టెల కోసం ముగ్గురు మనుషులను బతికుండగానే పాతిపెట్టబోయిన ఘనుడు ఎక్కడైనా ఉన్నాడా అని మీరు అడిగితే, ఎక్కువ దూరం వెతకనక్కర్లేదు. ఇది రాస్తున్నది వాడే. ఆ ముగ్గురిలో నేనూ ఒకణ్ణి కాబట్టి, పక్షపాతం చూపించానన్న నింద మాత్రం నా మీద లేదు.

తొంభైల నడిమి సంగతి. బహ్రెయిన్‌లో సిత్రా దగ్గర ఒక క్యాంపులో ఉండేవాణ్ణి. మా జగిత్యాల వైపు వాళ్ళకు మాత్రం నేను దుబాయిలో ఉన్నట్టే లెక్క. బహ్రెయిన్ అంటే "గది దుబాయిల ఏ మూలకుంటది బిడ్డా?" అని అడిగేవాళ్ళు. నా పని స్టీల్ ఫిక్సింగ్. ఇనుప రాడ్లను బైండింగ్ తీగతో ముడివేయడం. జేబులో తీగ చుట్ట, నడుముకు ముడి తిప్పే హుక్కు లేకుండా నేను స్నానానికి కూడా పోయేవాణ్ణి కాదు. ముడి వేస్తే మూడు మెలికలు, చివర లోపలికి మడత. నా ముడిని ఫోర్‌మన్ దూరం నుంచే గుర్తుపట్టేవాడు. ఈ గొప్ప ఇప్పుడెందుకు చెబుతున్నాడా అనుకోకండి, చివర్లో ఇదే నా మెడకు చుట్టుకుంటుంది.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఆ దేశంలో చెట్టే కరువు, ఇక కట్టెపుల్ల ఎక్కడిది? మా క్యాంపులో ఎవరికైనా సైట్‌లో చెక్కముక్క కనబడితే చేతులు ఆగేవి కావు. డ్యూటీ నుంచి ఖాళీ చేతులతో వచ్చినవాణ్ణి గదిలో అందరూ అదోలా చూసేవాళ్ళు. కట్టె కనబడటం, చంకలోకి రావడం, ఈ రెండింటి మధ్య ఆలోచన అనేది ఉండేదే కాదు.

మా గదిలో సింహాచలం అన్న ఉండేవాడు. శ్రీకాకుళం వైపు సముద్రపు ఒడ్డు మనిషి, నాకంటే పదేళ్ళు పెద్ద. ఆ వచ్చే మంగళవారం అతని ఫ్లైట్. తాను ఇక్కడికి వచ్చాక పుట్టిన కూతురికి అప్పటికే రెండేళ్ళు నిండాయి. ఆ పిల్లను చూడటానికి పోతున్నాడు. పోయేముందు గదిలో అందరికీ చేపల విందు ఇస్తానన్నాడు.

చేపలు ఎక్కడివంటే, ఒడ్డున హాజీ బాబా అని ఒక ముసలాయన ఉండేవాడు. ఖర్జూరపు మట్టలతో సముద్రంలో దడి కట్టి చేపలు పట్టడం ఆ దేశపు పాత పద్ధతి. దాన్ని హద్రా అంటారు. ఆటుకు నీళ్ళు వెనక్కి పోతే చేపలు దడిలో మిగిలిపోతాయి. హాజీ బాబాకు మోకాళ్ళ నొప్పులు. అందుకని శుక్రవారం సెలవు పూట సింహాచలం అన్న వెళ్ళి చేపలు తీసుకొస్తే, ఆయన సగం ఇచ్చేవాడు. ఆ శుక్రవారం సాయానికి నన్నూ రమ్మన్నాడు.

తెల్లారేసరికి ఒడ్డుకు చేరాం. జనవరి చలి. హాజీ బాబా తెల్లని పొడుగు అంగీ, వాళ్ళు తోబు అంటారు, వేసుకుని, కారులో కూర్చుని టీ తాగుతున్నాడు. ఎదురుగా నేలంతా తెల్లగా, ఉప్పు పేరుకుని, మెరుస్తూ ఉంది. చూడటానికి గచ్చులాగే ఉంది. దాని మీదుగా మూడు నాలుగు వందల అడుగులు పోతే గట్టి ఇసుక, ఆ తర్వాత హద్రా.

"గింతేనా? పోదాం పా" అని కాలు వేయబోయాను. సింహాచలం అన్న నా చొక్కా పట్టి వెనక్కి లాగాడు.

"ఆగెహె! ఇది నేల కాదు, పెచ్చు. కిందంతా ఊబి. పెచ్చు జానెడు మందం ఉంటే మనిషిని మోస్తాది. నాలుగు వేళ్ళుంటే ఆలోసిస్తాది. రెండు వేళ్ళయితే ఆలోసించదు."

అతని చేతిలో రాడ్డు ఉంది. నేల మీద కొట్టి చూపించాడు. "టంగుమంటే అడుగెయ్యి. బొద్దుమంటే ఆగిపో. తెల్లగా పొడిగా ఉంటే మంచిది, మబ్బురంగులో చెమ్మగా ఉంటే తప్పుకో. నా యెనక అయిదడుగులు ఎడంగా రా. ఇద్దరం ఒక్కచోట బరువెయ్యకూడదు. పది గంటలకి నీళ్ళు తిరుగుతాయి. పైనించి రావు, కిందనించి వస్తాయి. పెచ్చు మెత్తబడిపోద్ది. ఆలోపు రోడ్డెక్కీయాలి."

"అన్నీ ఎర్కైనయన్నా" అన్నాను.

పక్కన కొంచెం దూరంలో ఒక పికప్ బండి పైకప్పు ఉంది. పైకప్పు మాత్రమే ఉంది, మిగతా బండి లేదు. "అదేందన్నా?" అని అడిగాను.

"ఆడికీ అన్నీ తెలుసునంట" అన్నాడు సింహాచలం అన్న.

హాజీ బాబా కారు అద్దం దించి తనకు వచ్చిన హిందీలో ఒక్క మాట చెప్పాడు. "లక్డీ దేఖో, చలో. లక్డీ నై, చలో నై." కట్టె కనబడితే నడవండి, కట్టె లేకపోతే నడవకండి అని. గట్టి పెచ్చు ఉన్నచోటల్లా ఆయన ఖర్జూరపు కట్టె పాతి, గుడ్డపీలిక కట్టాడు. ఆ కట్టెల వెంబడే పోవాలి.

పోయాం. ముందు సింహాచలం అన్న టంగు టంగుమని కొట్టుకుంటూ, వెనక నేను. మొదటి కట్టె దాటాం. నేను వెనక్కి తిరిగి చూశాను. ఎండి గలగలలాడుతున్న కట్టె. అగ్గిపుల్ల చూపిస్తే చాలు. ఈ దారి ఇక మాకు తెలిసిపోయింది, వచ్చేటప్పుడు మా అడుగుల జాడ చూసుకుంటూ రావచ్చు. పైగా వచ్చేటప్పుడు చేతినిండా చేపలుంటాయి కాబట్టి, పోయేటప్పుడే ఏరుకుంటే పని తప్పుతుంది కదా! నా ముందుచూపుకు నాకే ముద్దొచ్చింది. అటూ ఇటూ ఊపి, చప్పుడు కాకుండా పీకాను. రెండోది, మూడోది, అలా మొత్తం ఇరవై. ఇసుక దగ్గరికి చేరి, మోపు కట్టి, రెండు చోట్ల బైండింగ్ తీగతో బిగించి, మూడు మెలికలు వేసి, చివర మడిచి, హద్రా చాటున దాచాను. సాయంత్రం పొయ్యి రాజేసేటప్పుడు అందరూ నన్ను మెచ్చుకుంటున్నట్టు అప్పుడే కనబడింది.

చేపలు బాగానే పడ్డాయి. సాఫీ అనే అక్కడి రకం చేపలు, సంచి సగానికి పైగా. వంగి ఏరుతున్నవాళ్ళం తలెత్తేసరికి హద్రా అవతలి కొస కనబడలేదు. పొగమంచు దిగింది. కాసేపటికి ఇవతలి కొస కూడా పోయింది. పైన తెలుపు, కింద తెలుపు. నా చెయ్యి చాపితే వేళ్ళు నావేనా అన్నట్టున్నాయి.

"పద, ఎలిపోదాం" అన్నాడు సింహాచలం అన్న. ఇసుక అంచు దాకా వచ్చి నిలబడ్డాడు. అటు నాలుగడుగులు, ఇటు నాలుగడుగులు వేశాడు. "కర్రేదిరా?"

నేను అడుగుల జాడ కోసం చూశాను. గట్టి పెచ్చు మీద జాడలు పడవని అప్పుడు తెలిసింది.

"మల్లేసూ, ఇక్కడుండాలి కదా కర్ర. ఏటైపోనాది?"

వెనక్కి వెళ్ళి, మోపు తెచ్చి, అతని ముందు పెట్టాను. "పొయ్యిలకన్నా" అన్నాను.

అతను తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. ఇసుకలో కూలబడ్డాడు. మోపు వంక చూశాడు, నా వంక చూశాడు. "మంగళారం నా ఫ్లైటురా" అన్నాడు మెల్లగా. సిగ్గుతో నాకు ఆ క్షణమే ఊబిలో దిగిపోవాలనిపించింది. ఆ అవకాశం కాసేపట్లో ఎలాగూ రాబోతోందని తెలియదు.

గడియారం చూస్తే తొమ్మిది. గంట టైముంది. సింహాచలం అన్న లేచాడు. "నాను కొట్టుకుంటా నడుస్తాను. నువ్వు యెనకాలే ఈ కర్రలు పాతుకుంటా రా. తిరిగి తిరిగి ఒక్కచోటికే వస్తే తెలియాలి కదా."

నడిచాం. టంగు. టంగు. బొద్దు. పక్కకి. టంగు. ఎక్కడో కింద గుడగుడమని నీరు కదిలిన చప్పుడు. దగ్గరలోని రిఫైనరీ సైరను మోగితే అన్ని వైపుల నుంచీ మోగింది. ఒకసారి పెచ్చు పొడుగునా చిట్లిన శబ్దం వచ్చి, మా కాళ్ళ కిందుగా వెళ్ళిపోయింది.

ఇక్కడ నా రెండో ఘనకార్యం. గట్టి పెచ్చులో కట్టె ఎంత గుచ్చినా దిగడం లేదు. హాజీ బాబా సుత్తీ గునపం పెట్టి పాతాడు, నాకేమో ఉత్త చేతులు. పక్కనే ఓ చోట గుచ్చి చూస్తే సుతారంగా దిగిపోయింది. ఆహా అనుకుని, అప్పటి నుంచి ఎక్కడ సులువుగా దిగితే అక్కడే పాతుకుంటూ పోయాను. కట్టె సులువుగా దిగేచోట మనిషి కూడా సులువుగానే దిగుతాడని నాకు తట్టలేదు. మోపులోంచి కట్టె లాగిన ప్రతిసారీ వదులైన తీగను మాత్రం హుక్కుతో మళ్ళీ బిగించాను. ప్రాణం పోయేటప్పుడు కూడా ముడి వదులుగా ఉంటే సహించను మరి.

అప్పుడు వినబడింది. మంచులోంచి, సన్నగా, ఒక ఆడమనిషి పాట. మాట అర్థం కాదు. ఒకసారి దగ్గరగా, ఒకసారి దూరంగా.

"అన్నా..."

"ఇన్నాను. మాట్లాడకు" అన్నాడు. "మా ఊరి సముద్రం కాడ ఇలాటి పాట ఇని వెళ్ళినోళ్ళెవరూ తిరిగి రానేదు."

"మరెట్ల?"

"పాట ఎటుంటే దానికెదురు నడవడమే."

పాటకు వీపు పెట్టి గబగబా నడిచాం. చేపల సంచి ఎప్పుడు జారిపోయిందో కూడా తెలియదు. పావుగంటకు మంచులో ఒక కట్టె కనబడింది, గుడ్డపీలికతో సహా. "దొరికింది! హాజీ బాబా కట్టె!" అని అరిచాను. దగ్గరికి పోయి చూస్తే వంకరగా ఉంది. నేను పాతిందే.

అక్కడే నిలబడిపోయాం. అంతలో కుడివైపు నుంచి ఓ మూలుగు. మంచు కొంచెం పలచబడింది. తెల్లటి మనిషి. తెల్లగడ్డం. రెండు చేతులూ పైకెత్తి ఉన్నాడు. నడుము దాకా మనిషి, నడుము కింద ఏమీ లేదు.

"లక్డీ..." అంది అది. "లక్డీ... లక్డీ..."

నా కట్టెల కోసమే దెయ్యం వచ్చిందనుకున్నాను. నా పైప్రాణాలు పైనే పోయాయి. "తప్పయిపోయింది! నీ కట్టెలు నువ్వే తీస్కో! నన్నిడ్సిపెట్టు తల్లీ!" అని, గడ్డం ఉన్నదాన్ని తల్లీ అని పిలిచి, కళ్ళు మూసుకుని, మిగిలిన మోపును బలంకొద్దీ దాని మీదికి విసిరేసి కూర్చున్నాను.

"ఒరే మల్లేసూ, కళ్ళు తెరు! హాజీ బాబారా!" సింహాచలం అన్న అప్పటికే బోర్లా పడుకుని పాకుతున్నాడు.

పాపం, ఎంతకీ మేము రాకపోయేసరికి ఆ ముసలాయన మోకాళ్ళ నొప్పులతోనే వెతుకుతూ వచ్చాడు. మంచులో తన గుడ్డపీలిక కట్టె కనబడింది. తన కట్టెను తను నమ్మడా? కట్టె చూశాడు, నడిచాడు, నడుము దాకా దిగిపోయాడు. చుట్టూ నల్లనీళ్ళు ఊరుతున్నాయి. ఊబిలో కట్టెలు అడ్డంగా పడేస్తే మనిషి ఆనుకోవచ్చని ఆయనకు తెలుసు, అందుకే లక్డీ అని అడిగాడు. నేను భయంతో విసిరిన మోపు సరిగ్గా ఆయన ముందు అడ్డంగా పడింది. జీవితంలో నేను గురి తప్పకుండా కొట్టింది అదొక్కటే, అదీ కళ్ళు మూసుకుని.

ఆయన మోపును కావలించుకున్నాడు. సింహాచలం అన్న రాడ్డు అందించాడు. నేను బోర్లా పడుకుని అతని కాళ్ళు పట్టుకుని లాగాను. "యల్లా! యల్లా!" అని తొందరపెడుతూ ఆయన, "లాగరా!" అని అన్న, ఏడుస్తూ నేను. చివరికి చెప్పులు లేకుండా బయటికి వచ్చాడు, నడుము కింద నల్లగా, పైన తెల్లగా. వెల్లకిలా పడుకుని కాసేపు రొప్పాడు.

"గానా సునా నై?" అని అడిగాడు. పాట వినబడలేదా అని. మాకు దారి తెలియాలని కారులో రేడియో గట్టిగా పెట్టి వచ్చాడట! మేము దానికి వీపు పెట్టి పరుగెత్తాం. సింహాచలం అన్న నా వైపు చూడలేదు, నేను అతని వైపు చూడలేదు.

ఈసారి పాట వైపే నడిచాం. ముందు హాజీ బాబా రాడ్డు కొట్టుకుంటూ, వెనక మేము, మోపు నా నెత్తిన. పెచ్చు అడుగడుక్కీ మెత్తగా ఊగుతోంది. కారు దగ్గరికి చేరేసరికి పదీ పది.

ఆయన టీ పోసి ఇచ్చాడు. అప్పుడు నెమ్మదిగా అడిగాడు. "లక్డీ కౌన్ నికాలా?" కట్టెలు ఎవరు పీకారు?

సింహాచలం అన్న సముద్రం వైపు చూశాడు. నిజం చెప్పాల్సిన క్షణం. నేను చెప్పాను, "హవా, బాబా. బహుత్ హవా." గాలి వల్ల అని. చుట్టూ ఆకు కూడా కదలనంత మంచు.

హాజీ బాబా మోపును దగ్గరికి లాక్కున్నాడు. తీగ ముడిని వేలితో తడిమాడు. మూడు మెలికలు, చివర లోపలికి మడత. నా జేబులోంచి వేలాడుతున్న తీగ చుట్టను చూశాడు, నడుముకున్న హుక్కును చూశాడు. "అచ్ఛా" అన్నాడు గంభీరంగా. "యే హవా కౌన్సా కంపెనీ మే స్టీల్ ఫిక్సర్ హై?"

ఈ గాలి ఏ కంపెనీలో స్టీల్ ఫిక్సరు అని! సింహాచలం అన్న నోట్లోని టీ కారు అద్దం మీద పడింది.

విందు గుడ్లతో జరిగింది. మంగళవారం అతను ఫ్లైటెక్కాడు. ఆ మాట రాస్తుంటే ఇప్పటికీ నా ఒళ్ళు జలదరిస్తుంది. తర్వాతి శుక్రవారం హాజీ బాబా కారులో కూర్చుని టీ తాగుతుంటే, మిగిలినవీ కొత్తవీ కలిపి ఇరవై కట్టెలూ సుత్తీ గునపంతో నేనే పాతాను, గట్టి పెచ్చులో, ఒక్కోదానికి పది నిమిషాల చొప్పున. ప్రతి కట్టెకూ ఆయన "హవా!" అని నన్నే పిలిచేవాడు. నేను అక్కడున్న మిగతా మూడేళ్ళూ నా పేరదే.

అందుచేత నా ఇంటిదైవం మీద ఆన, సర్వజనుల సమక్షంలో ప్రతిజ్ఞ చేస్తున్నాను: నేలలో నిలబడి ఉన్న కట్టెను ఈ జన్మలో పీకను. మా పెరట్లో బీరపాదుకు పాతిన కట్టె రెండేళ్ళుగా ఒరిగి ఉంది. పాదు ఎండిపోయి కూడా ఏడాదైంది. తీసేయమని మా ఆవిడ రోజూ పోరుతుంది. గాలికే వదిలేశాను.