పప్పు ఉడికిన నీళ్ళు

మా మెట్ట ఊళ్ళలో నీళ్ళు మంచివో కావో తేల్చేది కందిపప్పు. ఎసట్లో వేసిన పప్పు కాసేపటికే మెత్తగా మెదిగితే అవి మంచినీళ్ళు. పొయ్యి కింద కట్టెలన్నీ అయిపోయినా పలుకు పలుకుగానే ఉంటే అవి పనికిరాని నీళ్ళు. కూర బాగలేదంటే మావాళ్ళు ఊరుకుంటారు గానీ, మీ ఊరి నీళ్ళు బాగలేవంటే మాత్రం పౌరుషం వచ్చేస్తుంది.

దుత్తలూరు దాటాక, ఉదయగిరి కొండ కనబడే చోట బస్సు దిగి నడిస్తే మా ఊరు వస్తుంది. నా చిన్నప్పుడు ఊరంతటికీ ఒకటే బావి. ఆ నీళ్ళలో పప్పు ఉడికేది కాదు, సబ్బు నురగొచ్చేది కాదు, తాగితే నాలుక మీద సున్నం రాసినట్టుండేది. నేను పదో తరగతిలో ఉండగా నాయన మా ఇంటి ముందర బోరు వేయించాడు. నీళ్ళు పడ్డాయి. తియ్యగా కూడా ఉన్నాయి.

అప్పటికి మా బళ్ళో కఠిన జలం, మృదు జలం అనే పాఠం అయిపోయి ఉంది. ఆ మాత్రం చదువుకే నా కాళ్ళు నేల మీద ఆగేవి కావు. రెండు సీసాలు తెచ్చి, ఒకదాంట్లో బావి నీళ్ళు, ఇంకోదాంట్లో బోరు నీళ్ళు పోసి, రెంటిలోనూ సబ్బు గీరి వేసి, వీధి వాళ్ళందరి ముందూ గిలకొట్టాను. బావి సీసాలో తెల్లటి తెట్టు కట్టింది. బోరు సీసాలో నురగ మూతి దాకా పొంగింది. "ఇవి మంచి నీళ్ళు, సైన్సు ప్రకారం" అని చెప్పాను. నాయన మీసం మీద చెయ్యేసుకుని నిలబడ్డాడు.

అమ్మకు నా సీసాలతో పని లేదు. ఆ పూట పప్పు వేసింది, ఇట్టే ఉడికిపోయింది. చెంబుతో నీళ్ళు పట్టి కళ్ళకద్దుకుంది. "ఇన్నాళ్ళూ దేముడు మన కోసరమే దాచిపెట్టినాడురా" అంది. వీధిలో ఆడవాళ్ళను ఒక్కొక్కరినీ పిలిచి బిందెలు నింపి పంపింది. ఆ రోజు నుంచి నీళ్ళు తాగే ముందు గ్లాసు కళ్ళకద్దుకోవడం ఆమెకు అలవాటైపోయింది.

అసలు సంగతి నాకు చాలా ఏళ్ళకు గానీ తెలియలేదు. నేను చులకన చేసిన బావి నీళ్ళలో ఉన్న సున్నమే ఫ్లోరైడును నీళ్ళలో ఎక్కువగా కరగనివ్వకుండా ఆపేది. సున్నం లేని మెత్తటి నీళ్ళలో అది హాయిగా కరిగి ఉంటుంది. దానికి రుచి లేదు, వాసన లేదు, పప్పుకు అడ్డం రాదు. కాసింత ఉంటే పళ్ళకు మంచిది, ఆ కాసింత దాటితే ఎముకల్లో చేరి వాటిని బిగించేస్తుంది.

నాయన పోయాక అమ్మను ఆత్మకూరు తెచ్చుకున్నాను. ఇక్కడి ఇంటర్ కాలేజీలో నేను ఫిజిక్సు చెబుతాను. వచ్చేనాటికే ఆమె వంగి ముగ్గు వేయలేకపోయేది. తర్వాత మెడ ముందుకు వంగి అక్కడే నిలిచిపోయింది. వాతం అనుకున్నాం. నెల్లూరులో డాక్టరు ఎక్స్‌రే చూసి, "ఏం నీళ్ళు తాగేవాళ్ళమ్మా మీరు?" అని అడిగాడు.

"మా ఇంటి బోరు నీళ్ళు సార్. బంగారమంటే బంగారమే. పప్పు ఇట్టే ఉడికిపోద్ది" అంది అమ్మ గొప్పగా.

డాక్టరు నా వైపు చూశాడు. నేను గోడకున్న క్యాలెండరు వైపు చూశాను. బయటికి వచ్చాక నాతో ఒక్కడితోనే చెప్పాడు, నీళ్ళు మార్చండి, వంగిన మెడ మాత్రం మళ్ళీ నిలబడదు అని.

ఆ మాట అమ్మకు చెప్పలేదు. తర్వాత ఊళ్ళో ఈ నీళ్ళు తాగొద్దని మా బోరుకు ఎర్ర రంగు పూశారని తెలిసినా ఆ కబురు ఆమె చెవిన పడకుండా చూశాను. ఇంటికి వచ్చిన చుట్టాలకు ముందే గుమ్మంలో చెప్పి లోపలికి పంపేవాణ్ణి. ఆమె బాధపడుతుందని దాస్తున్నాననుకునేవాణ్ణి గానీ, ఆ సీసాలు ఆమెకు గుర్తొస్తాయనే నా భయమంతా.

పెదవి తగలకుండా చెంబెత్తి గొంతులో పోసుకునే మనిషి మా అమ్మ. ఎంగిలి అంటే ఆమెకు పడదు. ఇప్పుడు తల వెనక్కి వాలదు కాబట్టి, కొబ్బరిబోండాల కొట్టులో ఇచ్చే గొట్టం పెట్టుకుని తాగుతుంది. అలా తాగేటప్పుడు కూడా ముందు గ్లాసు కళ్ళకద్దుకునేది. "ఆ నీళ్ళ క్యాను ఆటోలో వచ్చిందమ్మా, దేముడు మోసుకు రాలా" అని ఏడిపించేవాణ్ణి. "నువ్వు నోరు మూసుకోరా, ఆటోవోడికి చేతులిచ్చింది ఎవురు?" అనేది.

మొన్నామధ్య క్లాసులో గురుత్వాకర్షణ చెబుతుంటే, సంగం నుంచి బస్సులో వచ్చే ఒక అమ్మాయి లేచింది. ఫోనులో ఏదో చూసినట్టుంది.

"సార్, ఆ ఆకర్షణ ఇంకొంచెం ఎక్కువుంటే నక్షత్రాలు తొందరగా కాలిపోయేవంట. ఇంకొంచెం తక్కువుంటే అసలు వెలిగేవే కాదంట. మనం బతికేదానికి అన్నీ ఇంత కొలతగా కుదిరి ఉండాయంటే, ఎవురో కుదిర్చినట్టే గదా సార్?"

దీనికి క్లాసులో చెప్పదగ్గ జవాబులు నా దగ్గర రెండు మూడు ఉన్నాయి. కుదరని చోట ఈ ప్రశ్న అడగడానికి మనిషే ఉండడు, కాబట్టి అడిగిన ప్రతివాడికీ కుదిరినట్టే కనబడుతుంది, అని చెప్పి కూర్చోబెట్టవచ్చు. ఆ రోజు ఎందుకో ఒళ్ళు మండింది. ఒక ఊళ్ళో ఒకావిడ ఉండేదని మొదలుపెట్టి, బోరు, పప్పు, కళ్ళకద్దుకోవడం, వంగిన మెడ, అన్నీ చెప్పేశాను. సీసాల సంగతి మాత్రం దాచుకున్నాను. "పప్పు ఉడికింది కదా అని నీళ్ళు మన కోసం పుట్టాయనుకోకూడదు. చుక్కలైనా అంతే" అని ముగించాను. బాగా చెప్పానని నాకే అనిపించింది.

ఆ అమ్మాయి ఇంకా నిలబడే ఉంది. "ఆమెకు తెలుసా సార్?" అంది.

గంట కొట్టారు. నేను పుస్తకం మూసుకుని బయటికి వచ్చేశాను.

ఇంటికి వచ్చేసరికి అమ్మ మంచం మీద కూర్చుని చేటలో బియ్యం పెట్టుకుని రాళ్ళు ఏరుతోంది. "ఈ పనికైతే నా మెడ బాగా కుదిరింది" అని తనే నవ్వుతూ ఉంటుంది. ఆమె ముఖం చూడాలంటే నేల మీద కూర్చోవాలి. కూర్చున్నాను.

"అమ్మా, నీ మెడ వాతం కాదు."

"మరేంది?"

"మన బోరు నీళ్ళు. ఎముకల్ని బిగించేసేది వాటిల్లో ఉండాదంట. సబ్బు వేసి మంచియని చెప్పింది నేనే గదా."

ఆమె వేళ్ళు ఆగలేదు. రెండు రాళ్ళు తీసి పక్కన పెట్టింది. "సబ్బు నురగ చూసి ఎవురు తాగినార్రా? నేను పిలిచి పోసినాను, తాగినారు" అంది. నేను మోసుకుంటూ వచ్చిన తప్పును నా చేతిలోనుంచి తీసేసుకుంది. ఇంకో రాయి తీసి అడిగింది. "మీ నాయన మోకాళ్ళు పట్టేసింది గూడా అందుకేనా?"

"అయ్యుండొచ్చు."

"ఆ నీళ్ళు తాగినప్పుడల్లా నిన్నే మెచ్చుకునేవోడు" అంది.

ఆ సాయంత్రం నేను గ్లాసులో నీళ్ళు పోసి ఇస్తే గొట్టం పెట్టుకుని తాగేసింది. కళ్ళకద్దుకోలేదు. మర్చిపోయిందనుకున్నాను. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. అన్నేళ్ళు నేను ఎగతాళి చేస్తే మానని అలవాటు ఒక్క మాటతో పోయింది. గెలిచానని సంతోషించాలేమో. నాకు మాత్రం భయం వేసింది.

ఆదివారం ఆమె దగ్గర కూర్చుని, కాలేజీ అమ్మాయి చెప్పిందానికి ఇంకా కలిపి నేనే చెప్పడం మొదలుపెట్టాను. ఆకర్షణ ఎంత కొలతగా ఉందో, మన ఒంట్లోని బొగ్గు, అదే కార్బను, నక్షత్రాల్లో తయారవడానికి ఎన్ని కుదరాలో, గడ్డకట్టిన నీళ్ళు తేలబట్టి చలిదేశాల చెరువుల్లో చేపలు ఎలా బతుకుతున్నాయో. ఆ అమ్మాయికన్నా గట్టిగానే వాదించాను. నేను నమ్మనివన్నీ ఆమె నమ్మితే చాలనిపించింది. ఇదంతా ఊరికే జరగదమ్మా, ఎవరో ఒకరు ఉండే ఉంటారు అన్నాను.

అమ్మ నేల వైపు చూస్తూ అంతా విన్నది. చివరికి మెల్లగా అడిగింది.

"చుక్కల కాడ అంత కొలతగా చేసినోడు, మన బోరు కాడికి వచ్చేసరికి కొలత మర్చిపొయినాడా అబ్బయ్యా?"

కోపంతో అడిగి ఉంటే బాగుండేది. తెలిసినవాడు కదా చెబుతాడు అన్నట్టు అడిగింది. ఎవరూ దేన్నీ కొలవలేదమ్మా అనే నా పాత జవాబు నోటి దాకా వచ్చింది. దాన్ని మింగి, దప్పికైందా అని అడిగాను. గ్లాసు ఇస్తే తాగి, ఖాళీది నా చేతికి తిరిగి ఇచ్చింది.

వంటింట్లోకి వెళ్ళాక, ఎవరూ లేరని చూసుకుని, ఆ ఖాళీ గ్లాసును నేనే ఒకసారి కళ్ళకద్దుకున్నాను. ఏమీ అనిపించలేదు. కడిగి బోర్లించాను.