మంచం కింద హీటర్

"ఈ జనానికి వాడటం రాదు" అనే మాట వింటే మాజిదాకు ఒళ్లు మండిపోతుంది. కాటేదాన్‌లో ఆమె పనిచేసే హీటర్ల కంపెనీలో ఆ మాట చాయ్ తాగినంత తేలిగ్గా అనేస్తుంటారు. వైరు కాలితే వాడటం రాదు, మూత కరిగితే వాడటం రాదు, చివరికి పెట్టె విప్పుతుంటే మర ఊడి కింద పడ్డా వాడటం రాదు. వాడటం రాని జనానికి అమ్మడం మాత్రం వీళ్లకు మహా బాగా వచ్చు!

మాజిదాది శంషాబాద్. వాళ్ల అబ్బా ద్రాక్షతోటల్లో మోటార్లు బాగుచేసేవాడు. తోటలు పోయి ప్లాట్లు పడ్డాయి, మోటార్లు పోయాయి, కానీ ఆయన పక్కన కూర్చుని మోటారు కడుపులో ఏముందో చూసిన పిల్లకు ఆ పిచ్చి పోలేదు. ఇంట్లో వద్దంటే రెండు రోజులు అన్నం మానేసి మరీ పాలిటెక్నిక్‌లో చేరింది. డిప్లొమా చేతికొచ్చాక ఒక ఫ్యాక్టరీవాళ్లు ప్యాకింగ్‌లో కూర్చోమన్నారు. కూర్చోవడానికి ఇంత చదువెందుకని అడిగి లేచి వచ్చేసింది. కాటేదాన్ కంపెనీలో పట్టుబట్టి డిజైన్ పని తెచ్చుకుంది. హీటర్ ఎంత ఎత్తుండాలి, జాలీ ఎంత ఎడంగా ఉండాలి, వేడి మితిమీరితే కరెంటు ఆపేసే కటాఫ్ ఎక్కడ పెట్టాలి, అన్నీ ఆమే చూస్తుంది. ఆమె సరే అననిదే సరుకు గేటు దాటదు.

పొద్దున్నే బస్సులో ఆరాంఘర్, అక్కణ్నుంచి షేర్ ఆటోలో కాటేదాన్. కండక్టర్‌తో ఒకటి, ఆటోవాడితో ఒకటి తగాదా పెట్టుకోనిదే ఆమెకు పొద్దు గడవదని భర్త గఫార్ ఆటపట్టిస్తాడు. గఫార్‌కు శంషాబాద్ బజారులో చిన్న రిపేరు దుకాణం ఉంది. మిక్సీలు, ఇస్త్రీపెట్టెలు, చలికాలంలో హీటర్లు. ఎవరి మీదా గొంతు లేవని మనిషి. వేరే వాళ్లయితే కొత్తది కొనుక్కోమని పంపేసే సామాన్లను కూడా గఫార్ ఓపిగ్గా విప్పి కూర్చుంటాడు. ఊళ్లో ఆయనకు మంచి పేరు. ఆ మంచితనమే ఒకరోజు కొంప ముంచింది.

ఆ ఆదివారం మాజిదా దుకాణంలోనే ఉంది. పాల్మాకుల నుంచి రేణుకమ్మ అనే పెద్దావిడ బియ్యం సంచిలో ఏదో చుట్టుకుని వచ్చింది. సంచి విప్పితే సగం కాలిన హీటర్. మాజిదా గీసిన మోడలే, వాళ్ల కంపెనీదే.

రేణుకమ్మ రిపేరు కోసం రాలేదు. కోడలు మంజుల ఆడపిల్లను కన్నది. బాలింతకు చలి తగలకూడదని గది కిటికీలన్నీ మూసి, మంచం కింద హీటర్ పెట్టారు. వాళ్ల ఇళ్లల్లో ఎన్ని తరాలనుంచో బాలింత నులక మంచం కింద కుంపటి పెట్టడం ఆనవాయితీ. బొగ్గులు దొరకడం కష్టమై, పొగ పిల్లకు మంచిది కాదని నర్సమ్మ చెబితే కుంపటి తీసేసి ఆ చోట హీటర్ పెట్టారు. అంతే. వేలాడుతున్న బొంత అంటుకుంది. మంజుల పిల్లను పక్కకు విసిరినట్టు నెట్టి లేచేలోపు ఆమె పిక్క మీద చర్మం పోయింది. పిల్లకేమీ కాలేదు. మంజుల దవాఖాన నుంచి ఇంటికొచ్చింది గానీ ఇంకా కుంటుతోంది.

తప్పంతా ముసలిదానిదేనని అందరూ తేల్చేశారు. హీటర్ కొన్న దుకాణంలో ఫిర్యాదు చేసి వచ్చిన కొడుకు బాలమల్లు, తల్లి చేతికి పిల్లను ఇవ్వడం మానేశాడు. ఒకే ఇంట్లో ఉంటూ మనుమరాలిని గడప దగ్గర నిలబడి చూడాలి. ఆ మాట చెబుతుంటే రేణుకమ్మకు ఏడుపు రాలేదు, సిగ్గేసింది.

"గఫారూ, జర చూడు బిడ్డా. నేను కాలవెట్టిన్నా, గిదే కాలిందా? గదొక్కటి చెప్పు, సాలు."

మాజిదా హీటర్‌ను లాక్కుని వెనక మూత విప్పింది. కటాఫ్ చెక్కుచెదరకుండా ఉంది. కానీ దాని రెండు కొసలకూ ఒక వైరుముక్క చుట్టి ఉంది. కరెంటు ఇక కటాఫ్‌ను అడగకుండానే పక్కదారిన పోతుంది. రిపేరువాళ్ల భాషలో దీన్ని డైరెక్ట్ చేయడం అంటారు. ఎవడీ పని చేసినవాడని తిట్టడానికి తలెత్తి చూస్తే గఫార్ ముఖం పాలిపోయి ఉంది.

రేణుకమ్మను చాయ్ తాగించి, చూసి చెబుతామని బస్సెక్కించాక మాజిదా ఆయన్ను దుకాణంలోనే కడిగేసింది. పచ్చి బాలింత మంచం కింద నిప్పు పెట్టావు కదయ్యా అంది. గఫార్ జరిగింది చెప్పాడు. ఆ హీటర్ మాటిమాటికీ ఆగిపోతోందని రేణుకమ్మే నెల కిందట తెచ్చిందట. కోడలు చలికి వణుకుతోందని చెబితే జాలేసి, పైసా తీసుకోకుండా డైరెక్ట్ చేసి పంపాడట. ప్రతి చలికాలం ఇంటింటి హీటర్లూ ఇదే రోగంతో వస్తాయి, తాను చేయకపోతే పక్క దుకాణం వాడు చేస్తాడు అన్నాడు. అప్పుడొక్క మాట గట్టిగానే అన్నాడు.

"నువ్వు పెట్టిన కటాఫ్ ఆగుతది. ఎందుకు ఆగిందో చెప్పదు. మంచిగున్నదాన్ని వాళ్లు ఖరాబైందనుకుంటరు. నేను కూడా గట్లనే అనుకున్న."

మాజిదాకు ఇంకా కోపమొచ్చింది. ఆయన తప్పు చేసి ఒప్పు మాట మాట్లాడుతున్నాడు. ఇంటికొచ్చాక వంట గిన్నెలన్నీ ఆ కోపం తిన్నాయి.

మర్నాడు కంపెనీలో యజమాని మల్లేశ్వర్ ముందు కాలిన హీటర్ పెట్టింది. ఆయన లోపలి వైరు చూసి పండగ చేసుకున్నాడు. డీలర్ దుకాణం పంపిన బాలమల్లు ఫిర్యాదుకు ఏం జవాబివ్వాలా అని తల పట్టుకున్న మనిషికి తయారైన జవాబు దొరికింది. కటాఫ్ బాగానే ఉంది, ఎవడో మెకానిక్ దాన్ని తప్పించాడు, కంపెనీ తప్పు గోరంత కూడా లేదు! ఆ మెకానిక్ ఎవడో పేరు చెప్పమన్నాడు, కేసు పెడదామన్నాడు.

"నా మొగుడు, సార్," అంది మాజిదా.

మల్లేశ్వర్ కుర్చీలో వెనక్కి వాలాడు. చెడ్డవాడేం కాదు. ఆమెకు బాగోలేనప్పుడు జీతంతో సెలవిచ్చినవాడే. ఇప్పుడూ మేలే చేయబోయాడు.

"ఇగ గట్లయితే వైరు సంగతి మనం చూడనే లేదు. ముసలమ్మ మంచం కింద పెట్టింది, కాలింది. పెట్టొద్దని డబ్బాల కాయితంల రాసే ఉన్నది. మీ ఇంటి ఇజ్జత్ పోదు, మన పేరు పోదు. ఎందుకు పరేషాన్ అయితవ్ మేడం?"

ఎంత తేలిగ్గా సర్దేశాడు! కంపెనీ బతకాలి, గఫార్ బతకాలి, వీళ్లిద్దరి మర్యాద కోసం ఒక ముసలామె తన మనుమరాలిని ఎత్తుకోకుండా పోవాలి. వైరు చుట్టినవాడు మగవాడు, తయారుచేసింది కంపెనీ, ఫిర్యాదు చేసింది కొడుకు, తప్పు మాత్రం చదువు రాని ఆడమనిషిది. అక్షరం రాని ఇంటికి కాయితం పంపి, చదవలేదని నేరం మోపడం ఏం న్యాయమని మాజిదా అడిగింది. నిప్పు ఎప్పుడూ ఎక్కడ పెట్టారో అక్కడే పెడతారు, హీటర్ మంచం కిందకు పోతుందని తెలిసి తెలిసి అలాగే అమ్మితే అది తప్పు కాదా అంది. మంచం కిందకు దూరనంత ఎత్తు కాళ్లు పెడదామంది, ఆగినప్పుడు ఎందుకు ఆగిందో తెలిసేలా ఎర్రదీపం పెడదామంది. ఎత్తు పెరిగితే అట్టపెట్టె పెరుగుతుంది, లారీలో పట్టవు, డీలర్లు ఒప్పుకోరు అన్నాడాయన. అయితే కొత్త సరుకు నేను సరే అనను, అనేవాళ్లను వెతుక్కోమని చెప్పి ఆమె తన బల్ల దగ్గరికి వచ్చేసింది.

ఉద్యోగం పోతుందని ఆమెకు తెలుసు. భయమేసింది కూడా. కానీ భయం కంటే కోపం ముందు నడుస్తుంటే భయం వెనకబడిపోయింది.

ఆ వారమంతా మొగుడూపెళ్లాలు దుకాణం వెనక గదిలో ఒక హీటర్ తయారుచేశారు. మాజిదా ఎత్తు కాళ్లు పెట్టి, ఒరిగిపోకుండా అడుగు వెడల్పు చేసింది. కటాఫ్‌ను వేడి చేరే పైభాగానికి మార్చింది. అది ఆపేసిన క్షణం ఎర్రదీపం వెలిగి, చిన్న కూత కూస్తుంది. తర్వాత దాన్ని గఫార్ ముందు పడేసి, డైరెక్ట్ చెయ్యమంది. చాయ్ చల్లారేలోపే చేసేశాడు. ఆమె తిట్టుకుంటూ మళ్లీ విప్పింది. ఇంకో రకంగా పెడితే ఇంకో సందు దొరకబుచ్చుకున్నాడు. నీ అంత దొంగ శంషాబాద్‌లో లేడంది. అందుకే కదా నన్ను పెట్టుకున్నావు అన్నాడు. చివరికి కటాఫ్‌ను వేడెక్కే రాడ్డు లోపలే కలిపి మూసేసింది. గఫార్ మధ్యాహ్నమంతా తిప్పలుపడి, రాడ్డు పగలగొట్టందే తన వల్ల కాదని చేతులెత్తేశాడు. ఆమె సంతోషించలేదు. ఇదంతా చేసినా రేణుకమ్మ గడప దగ్గరే నిలబడి ఉంది.

తరువాతి ఆదివారం ఆ హీటర్ పట్టుకుని ఇద్దరూ పాల్మాకుల వెళ్లారు. దారిలో వద్దనుకుంటే వెనక్కి తిరుగుదామని మాజిదా అంటే గఫార్ తల అడ్డంగా ఊపాడు.

బాలమల్లు వరండాలో ఉన్నాడు. లోపల నులక మంచం మీద మంజుల, కాలికి పట్టీ. పిల్ల ఆమె పక్కన. రేణుకమ్మ గడప ఇవతల గోడకానుకుని కూర్చుని ఉంది. గఫార్ నిలబడే చెప్పాడు.

"అన్నా, అమ్మ తప్పేం లేదు. హీటర్ ఆగింది ఆగినట్టే ఉంటే కాలకపోతుండె. దాని కటాఫ్ నేను డైరెక్ట్ చేసిన. అమ్మకు ఆ ముచ్చట చెప్పలే. నాది తప్పు."

బాలమల్లుకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక లేచి గఫార్ కాలర్ పట్టుకున్నాడు. గఫార్ విడిపించుకోలేదు. మాజిదా అడ్డంపోయేలోపు గోడ దగ్గర్నుంచి రేణుకమ్మ లేచింది.

"ఇడువు ఆయనను. ఆయన ఇంటికొచ్చి చెప్పిండు. నువ్వు నన్ను ఒక్క మాట అడగనన్న అడగలే."

కాలర్ వదిలిన చేతులకు ఏం చేయాలో తెలియలేదు. బాలమల్లు లోపలికి పోయి పిల్లను ఎత్తుకొచ్చి తల్లి ముందు చేతులు చాపాడు. కళ్లెత్తి చూడలేకపోయాడు. అందరూ ఆమె పిల్లను గుండెకు హత్తుకుంటుందనుకున్నారు. ఆమె చేతులు కదలలేదు.

"నేను తప్పు చెయ్యలేదని ఇయ్యాల తెలిసిందని ఇస్తున్నవా?" అంది. "చేసిన్ననుకున్న దినం నేను నీ అమ్మను కాకపోతినా?"

మంచం మీద మంజుల తల తిప్పుకుని ఏడుస్తోంది. చలిగాలికి పిల్ల గుక్కపట్టింది. అప్పుడు రేణుకమ్మ పిల్లను తీసుకుంది, కొంగు కప్పింది. కొడుకు వైపు చూడలేదు.

కాసేపటికి మాజిదా కొత్త హీటర్ చూపించింది. మల్లేశ్వర్ ఒప్పుకోకపోతే వేరే కంపెనీకైనా వెళ్లి ఇదే చేయిస్తానని ఆవేశంగా చెప్పింది. కంపెనీని తిట్టింది, డీలర్లను తిట్టింది, కాయితాలు రాసేవాళ్లను తిట్టింది. రేణుకమ్మ అంతా విని, పిల్లను చంకనేసుకునే వంగి, ఒక చేత్తో హీటర్‌ను మంచం కిందకు నెట్టింది. పట్టెకు తగిలి ఆగింది. పక్కకు తిప్పి నెట్టింది. పోలేదు.

"గింతేనా?" అంది లేచి. "కాళ్లు జర పొడుగు చేస్తే అయిపాయె గదా. గింత పనికి నా కోడలు కాలు కాలాల్నా?"

ఇళ్లల్లో ఎక్కడ పెట్టుకుంటారో కంపెనీలో కూర్చున్నవాళ్లకు తెలియదని మాజిదా చెప్పబోయింది. రేణుకమ్మ పూర్తికానివ్వలేదు.

"నీకు బిడ్డ పుట్టినప్పుడు మీ అమ్మ నీ మంచం కింద నిప్పులు పెట్టలేదా?"

పెట్టింది. కూతురు సాదియా పుట్టినప్పుడు, బాలింత గది దాటని చిల్లా నలభై రోజులూ అమ్మీ ఆమె మంచం కింద అంగీఠీలో నిప్పులు పెట్టింది. నడుముకు ఆ వెచ్చదనం ఎంత హాయిగా ఉండేదో మాజిదాకు ఇప్పటికీ గుర్తే. కంపెనీలో మాత్రం ప్రతి హీటర్‌నూ బల్ల మీద, చుట్టూ ఖాళీగా ఉన్నచోట పెట్టి చూసి, బాగుందని పంపింది.

"పెట్టింది, అమ్మా," అంది.

"మరి నీకు ఎరుకే గదా," అంది రేణుకమ్మ.