కుళ్లాయప్ప తూకం గుండు

కుళ్లాయప్పకు ఎదుటి మనిషి మెలకువగా ఉంటే చూసి ఓర్చుకోవడం చేతకాదు. తనకల్లు ఊళ్లో ఎవరు ఏ బాధ చెప్పుకున్నా, గోడ వంకర చూసే తూకం గుండును జేబులోంచి తీసి, దారం పట్టుకుని వాళ్ల ముక్కు ముందర ఊపి, నిద్రపుచ్చబోతాడు. వృత్తికి మేస్త్రీ. వానల్లేక, పంటల్లేక, ఇళ్లు కట్టించేవాళ్లే కరువైన కాలం అది. కొలవడానికి గోడలు లేకపోయేసరికి గుండు మనుషుల మీదికి మళ్లింది.

ఈ విద్య అతనికి కదిరిలో అబ్బింది. ఎవరో హిప్నాటిజం ఆయన వచ్చి, స్టేజీ మీద ఒక పెద్దమనిషి చేత పచ్చి ఉల్లిగడ్డను ఆపిల్ పండని నమ్మించి తినిపించాడట. ఆ స్టేజీ కట్టింది కుళ్లాయప్పే. స్టేజీ కట్టినవాడికి విద్య కూడా వచ్చేసినట్టేనని తీర్మానించుకుని ఊరికి తిరిగొచ్చాడు.

ఆ వైభవాన్ని రోజూ చూసే భాగ్యం మెడికల్ షాపు వేణుగోపాల్ శెట్టికి దక్కింది. కుళ్లాయప్ప కొలువు ఆ షాపు బెంచీ మీదే మరి. తలనొప్పి మాత్రకు వచ్చినవాణ్ని మెట్ల దగ్గరే పట్టేసేవాడు.

"మెదడులో ఒక కావలివాడు ఉంటాడు శెట్టీ. నొప్పి వచ్చి తలుపు తడితే లోపలికి పిలిచేది వాడే. వాన్ని జోకొట్టినామనుకో, నొప్పి బయటనే కూచుంటాది. గుండె నిదానిస్తాది, ఊపిరి నిదానిస్తాది, ఒళ్లంతా దూది అయిపోతాది."

"నా బేరం గూడా నిదానిస్తాండాది" అనేవాడు వేణుగోపాల్.

ఒకసారి చెన్నమ్మ బర్రె పాలు పితకనీయకుండా తంతోందంటే, కుళ్లాయప్ప దాని ఎదురుగా పీట వేసుకుని కూచున్నాడు. "నీ రెప్పలు బరువెక్కుతాండాయి... ఇప్పుడు నువ్వు దూది..." బర్రె నెమరు వేస్తూ చూసింది. కాసేపటికి గుండు కింద పడింది. మేస్త్రీ గురక మొదలైంది. ఆ వింతకు బర్రె కదలకుండా నిలబడితే చెన్నమ్మ హాయిగా పాలు పితుక్కుంది. తన వైద్యం పారిందని కుళ్లాయప్ప ఊరంతా చాటాడు.

మరో యేడు ఏకంగా మబ్బుకే గుండు ఊపాడు. మిద్దె ఎక్కి మెడ నొప్పి పుట్టేదాకా ఊపితే, మబ్బు కర్ణాటక వైపు పోయి కురిసింది.

"ఏమప్పా, నీ మబ్బు ఆడికి పోయిందే?" అని వేణుగోపాల్ అడిగితే, "దానికి కన్నడం తప్ప రాదేమో శెట్టీ. నాకేమో తెలుగే" అన్నాడు కుళ్లాయప్ప, ఏమాత్రం తడుముకోకుండా.

వేణుగోపాల్‌కు ఒళ్లు మండే సంగతి ఇంకొకటుంది. కౌంటర్ మీద సిరంజి పొట్లం పెడితే చాలు, ఈ మహానుభావుడు బెంచీ దిగి, రాని బస్సు కోసం రోడ్డు చూసేవాడు. ఇంగ్లీషు వైద్యమంటే మేస్త్రీకి ఎంత చులకన అని వేణుగోపాల్ పళ్లు కొరికేవాడు.

అంతలో ఒకనాడు పిచ్చికుక్క వచ్చి వేణుగోపాల్ పిక్క పట్టుకుంది. ఆ రోజుల్లో కుక్క కరిస్తే బొడ్డు చుట్టూ రోజుకొక సూది, రెండు వారాలు. ఊరందరికీ సూదులమ్మిన శెట్టి గుట్టు అప్పుడు బయటపడింది. పుట్టి బుద్ధెరిగాక సూది వేయించుకున్న మనిషి కాదు. పసరు కట్టుకుంటే చాలన్నాడు. అది మంచి కుక్కేనన్నాడు.

భార్య హేమావతి ఏడుస్తూ కుళ్లాయప్ప దగ్గరికి వచ్చింది. "సూది ఏయించుకోకపోతే ప్రాణానికే ముప్పంట అన్నా. ఈయన ఇంట్లోంచి కదలనంటాండాడు. నువ్వన్నా చెప్పు!"

"సూదా? బొడ్డు చుట్టూనా?" కుళ్లాయప్ప మొహం పాలిపోయింది. కాసేపు గుండు కేసి చూసుకుని, ఆమె వెంట శెట్టి ఇంటికి పోయి, "నేను గూడా వస్తా పద శెట్టీ. నువ్వు కండ్లు మూసుకో, మిగతాది నేను చూసుకుంటా" అన్నాడు.

చావా, కుళ్లాయప్పా అని తేల్చుకోవలసి వచ్చి, వేణుగోపాల్ బాగా ఆలోచించి కుళ్లాయప్పనే ఎంచుకున్నాడు.

రోజూ బస్సెక్కి కదిరి ఆసుపత్రికి పోయేవారు. శెట్టి చొక్కా ఎత్తి పడుకోగానే కుళ్లాయప్ప అతని చెయ్యి పట్టుకుని మొదలుపెట్టేవాడు. "నీ రెప్పలు బరువెక్కుతాండాయి. నొప్పిని బయటనే కూచోనీ. ఏం భయం లేదు, ఏం భయం లేదు. ఇప్పుడు నువ్వు దూది." సూది దిగేది. నొప్పి లేదని కాదు. ఆ గొణుగుడు వింటూంటే ధ్యాస నొప్పి మీదికి పూర్తిగా పోయేది కాదు. దడదడలాడే గుండె కూడా కాస్త కుదుటపడేది. ఈ ముక్క చచ్చినా ఒప్పుకోకూడదని వేణుగోపాల్ నిశ్చయించుకున్నాడు. ఆఖరి రోజు దొంగతనంగా కండ్లు తెరిచి, ఈ విద్యలోని డొల్లతనం కనిపెట్టి, ఊళ్లో నవ్వులపాలు చేయాలనుకున్నాడు.

ఆ రోజు రానే వచ్చింది. వేణుగోపాల్ ఒక కన్ను తెరిచాడు.

గుండు ఊగడం లేదు. అది కుళ్లాయప్ప జేబులోనే ఉంది. అతను మొహం గోడకు తిప్పుకుని, కండ్లు గట్టిగా మూసుకుని, చెమటతో చొక్కా తడిసినా శెట్టి చెయ్యి వదలకుండా నిలబడి ఉన్నాడు. "ఏం భయం లేదు, ఏం భయం లేదు..."

సిస్టర్ వంగి గుసగుసగా చెప్పింది. "ఈయప్ప రోజూ ఇంతే సార్. లోపలికి రాకముందు బయట వాంతి చేసుకుంటాడు. మీకు చెప్పొద్దన్నాడు. చెప్తే మీరు రారంట."

రాని బస్సు కోసం రోడ్డు చూడడమెందుకో వేణుగోపాల్‌కు అప్పుడు తెలిసింది. ఇన్నాళ్లూ పళ్లు కొరికినందుకు సిగ్గేసింది. ఆ పిచ్చి మేస్త్రీ మీద పట్టలేనంత ప్రేమ పుట్టుకొచ్చింది. తెరిచిన కన్ను మూసేసి, ఆ చేతిని గట్టిగా పట్టుకున్నాడు.

"నువ్వు గూడా దూదేలే కుళ్లాయప్పా" అన్నాడు మెల్లగా.

"మాట్లాడొద్దు శెట్టీ, నువ్వు నిద్రలో ఉండావు" అన్నాడు కుళ్లాయప్ప.

ఊరికి రాగానే, షాపు దగ్గర రైతు ఎర్రన్న అడ్డం తగిలాడు. "శెట్టీ, నిజం చెప్పు. నొప్పి పుట్టలేదా?"

"నొప్పా? నా కావలివాడు గుర్రుపెట్టి నిద్రపోయినాడప్పా" అన్నాడు వేణుగోపాల్, మొహంలో నవ్వు రానీయకుండా. బెంచీ మీద కుళ్లాయప్ప రెండింతలయ్యాడు.

"సరేగానీ, మా ఎద్దుకు సూది ఏయాల. ఒక పెద్ద సిరంజి ఇయ్యి" అన్నాడు ఎర్రన్న.

వేణుగోపాల్ చెయ్యి అలమార దాకా పోయి ఆగింది.

"కుళ్లాయప్పా, బస్సేమన్నా వస్తాండాదేమో చూడు పో" అన్నాడు.

కుళ్లాయప్ప లేచి రోడ్డు మీదికి పోయాడు. అతను బాగా దూరం పోయేదాకా ఆగి, అప్పుడు శెట్టి సిరంజి పొట్లం బయటికి తీశాడు.