సెర్వాక్క చేయి

ఘానాలోని కుమాసిలో, లారీల స్టాండు పక్కన సెర్వాక్క భోజనాల పాక నడిచిందంటే ఆమె కుడిచేతి వల్లే. మొగుడు ఒపొకు నిలబడి రోకలి వేస్తాడు. ఆమె రోటి పక్కన కూర్చుని, రోకలి పైకి లేచిన ఆ కాస్త సందులో చేయి పెట్టి, ఉడికిన కర్రపెండలం, అరటికాయ ముద్దను తిప్పుతుంది. చూడక్కర్లేదు. ముద్ద ఎంత మెత్తబడిందో, చేయి ఎప్పుడు తియ్యాలో వేళ్ళకే తెలుసు. ఆ ముద్దనే ఫుఫు అంటారు. అక్కడ తినే మాకు ఫుఫు అంటే ఆ వేళ్ళే.

మిరపకాయ పులుసులు రుచి చూసి చూసి, అందరూ తిన్నాక ఎప్పుడో తిని, ఆమెకు గుండెల్లో మంట పట్టుకుంది. మందుల కొట్టువాడు మాత్రలిచ్చాడు. తగ్గింది. మానేస్తే రెట్టింపై తిరిగొచ్చింది. ఇంకేం, పరగడుపున మాత్ర, ఆ తర్వాతే పొయ్యి. కూతురు బడిలో చేరిన ఏడు పట్టిన అలవాటు, ఆ పిల్ల తల్లయ్యాక కూడా సాగింది. ఎందుకిన్నాళ్ళని కొట్టువాడు ఒక్కనాడూ అడగలేదు. అమ్ముకునేవాడు అడుగుతాడా?

వేళ్ళలో చీమలు పాకినట్టుందని ఒకసారి అంది. తర్వాత అదీ అనలేదు. పొగలు కక్కే ముద్దను చలించకుండా పట్టుకోవడం మొదలుపెట్టింది.

"అక్కా, అది చెయ్యా, గరిటా?" అన్నాడో డ్రైవరు.

"నీ పెళ్ళాన్ని పంపరా, నేర్పుతా. చల్లారిన ముద్దలు తినీ తినీ నీ మొహం కూడా అలాగే అయింది."

నవ్వాం. కాలినా తెలియని చేతిని పనితనం అనుకున్నాం.

ఒక శనివారం, చావింటికొచ్చిన నల్లబట్టల జనంతో పాక నిండింది. రోకలి పడింది. చప్పుడు మారింది. ఒపొకు కొయ్యబారిపోయాడు.

"ఆపావేంటయ్యా? వెయ్యి," అంది సెర్వాక్క. అప్పుడు ముద్ద ఎర్రబడడం చూసింది.

ఆసుపత్రిలో రెండు వేళ్ళు తీసేశారు.

"రోజూ మందులేమన్నా వాడతావా అమ్మా?" అని అడిగింది డాక్టరు.

"నాకే రోగమూ లేదు."

"మరి ఆ మంట మాత్ర?" అన్నాడు ఒపొకు.

"అది మందేంటయ్యా!"

"కొన్ని వారాలు వేసుకునే మాత్రమ్మా అది," అంది డాక్టరు. "ఇన్నేళ్ళు కడుపులో పులుపును అణిచేస్తే తిండిలోని బి12 విటమిను ఒంటికి పట్టలేదు. అందుకే నరాలు దెబ్బతిన్నాయి. ఒక్కసారిగా ఆపకు, మెల్లగా తగ్గిద్దాం."

సూదులు వేశాక మిగిలిన వేళ్ళకు కొంచెం స్పర్శ వచ్చింది. ఆమె వెళ్ళి రోటి పక్కన కూర్చుంది. "వెయ్యి," అంది. ఒపొకు రోకలి ఎత్తాడు. అలాగే పట్టుకుని నిలబడ్డాడు. దించలేకపోయాడు. గోడకు ఆనించి బయటికెళ్ళిపోయాడు.

ఇప్పుడు మరలో ఆడించిన ఫుఫు తెస్తున్నారు. ఉండలుంటాయి. కుడిచేతిలో కంచం నిలవదు, ఎడం చేత్తో అందించకూడదు గనక వడ్డన కూడా కూతురిదే. సెర్వాక్క బోర్లించిన రోటి మీద కూర్చుని చూస్తుంటుంది.