రత్నం చెప్పని సాక్ష్యం

ఆదివారం ఆరాధనకు తయారవుతూ జాకెట్టు హుక్కులు పెట్టుకుంటున్నాను. ఎడమ రొమ్ములో గట్టిగా ఏదో చేతికి తగిలింది. నొప్పి లేదు. అయినా మళ్లీ మళ్లీ తడిమి చూసుకున్నాను.

అంతకు కొన్ని నెలల ముందే పాలకొల్లులో మా చర్చి స్త్రీల సమాజం రొమ్ము కేన్సర్‌ను కనిపెట్టే ఎక్స్‌రే, మామోగ్రామ్ క్యాంపు పెట్టించింది. నాది నార్మల్ అని వచ్చింది. మేలు జరిగితే లేచి సాక్ష్యం చెప్పడం మాకు అలవాటు. దేవుడు నన్ను ఏ రోగమూ లేకుండా కాపాడాడని నేనూ చెప్పాను. అందరూ స్తోత్రమన్నారు. బడిలో పాఠాలు చెప్పే గొంతు కదా, చివరి వరసదాకా వినపడింది.

గడ్డ సంగతి చెబితే మా ఆయన, "అందరిముందూ సాక్ష్యం చెప్పి మళ్లీ ఈ అనుమానమేంటి?" అన్నారు. సమాజంలో పెద్దావిడ రిపోర్టు చూసి, కొవ్వు గడ్డ అయ్యుంటుందిలే, ప్రార్థన చేద్దామన్నారు. చేశాం. గడ్డ పెరిగింది. ఇక ఎవరి మాటా వినకుండా రాజమండ్రి ఆస్పత్రికి వెళ్లాను.

అల్ట్రాసౌండ్, తర్వాత బయాప్సీ. కేన్సరే.

"మీది డెన్స్ బ్రెస్ట్ అండి, లోపల కణజాలం దట్టంగా ఉంది. ఇలాంటివాళ్లకి మామోగ్రామ్‌లో కొన్ని గడ్డలు కనపడవు. నార్మల్ అంటే ఆరోజుకి ఏమీ కనపడలేదని, అంతే," అన్నారు డాక్టరుగారు. ఆ ముక్క క్యాంపులో ఒక్కరూ చెప్పలేదే అని ఏడుపుకంటే ముందు కోపం వచ్చింది.

కీమో, సర్జరీ, రేడియేషన్. జుట్టు పోయింది, రొమ్ము పోయింది, అన్నం సయించడం మానేసింది. అప్పుడే ఒకరోజు డాక్టరుగారి గది బయట, చెకప్‌కి వచ్చిన రత్నం కనిపించింది. మా చర్చి పాటల బృందంలో పాడుతుంది. అదే క్యాంపులో ఆవిడకు చేతికి తెలియనంత చిన్న గడ్డ బయటపడిందట. కీమో లేకుండానే గట్టెక్కింది. నా చెయ్యి పట్టుకుని, ఎవరికీ చెప్పొద్దని బతిమాలింది. సరేనన్నాను.

వైద్యం ముగిసి ఏడాది తిరక్కుండా నడుంనొప్పి మొదలైంది. బోన్ స్కాన్ చూసి డాక్టరుగారు, "ఎముకలకి పాకింది. పూర్తిగా తగ్గించలేం అమ్మా. కంట్రోల్‌లో పెడదాం," అన్నారు. ఎప్పుడూ అండి అనే మనిషి అమ్మా అన్నప్పుడే నాకు అర్థమైపోయింది.

చర్చిలో మళ్లీ క్యాంపు పెడితే, నాకు జరిగింది చూసి సగంమంది రాలేదు, కుర్చీలు ఖాళీ. నాకు వచ్చింది కాబట్టి చెల్లెలు సలోమికీ రిస్క్ ఎక్కువని, తప్పక చూపించమని డాక్టరుగారు చెప్పారు. నేను అడిగితే అది, "నువ్వు తీయించుకున్నావు కదక్కా. ఏమొరిగింది?" అంది. రత్నం పేరు నోటిదాకా వచ్చింది. మాట ఇచ్చాను కదా, మింగేశాను. ఒక్కసారి లేచి చెప్పమని రత్నాన్నే అడిగాను. తన వల్ల కాదంది. కేన్సర్ అని తెలిస్తే మనిషిని చూసే చూపే మారిపోతుంది, ఆవిడ భయం నాకు తెలుసు. అయినా ఆవిడంటే నాకు మండుతుంది.

ఇప్పుడు మాత్రలతో, నడుం బెల్టుతో రోజులు గడుపుతున్నాను. నాకు ఆశేమీ లేదు. చదివే ఆడవాళ్లకు మాత్రం ఒకటే చెబుతాను. పరీక్ష చేయించుకోండి. నార్మల్ అని వచ్చినా సరే, తర్వాత చేతికి ఏదైనా తగిలితే ఆ రిపోర్టు పక్కనపెట్టి వెంటనే డాక్టరుకు చూపించుకోండి.

ఆదివారం సాక్ష్యాల వేళ నేను రత్నం వైపు చూస్తాను. ఆవిడ పాటల పుస్తకం తెరుచుకుంటుంది. ఇంకా పరీక్షకు వెళ్లని సలోమి నా పక్కనే కూర్చుని ఉంటుంది.