కొత్త ర్యామ్‌కు కుంకుమ బొట్టు

మా నాన్న పౌరోహిత్యం చేస్తారు. ఆయన వేసిన జాతకాలన్నీ మా పాత కంప్యూటర్లోనే ఉన్నాయి, మరెక్కడా కాపీ లేదు. అది మరీ నెమ్మదించిందని ఈ రోజు ర్యామ్ మార్చాను. కొత్త రకాలు పాతవాటిలో కూర్చోవని విని, ఉన్న ముక్కనే పీకి ప్రొద్దుటూరు అంగడికి తీసుకెళ్లి, దానికి సరిపోయే డీడీఆర్ త్రీ రకం ర్యామ్ అడిగి తెచ్చాను.

బిగించి స్విచ్ వేస్తే తెర నల్లగా ఉండిపోయింది. లోపలి నుంచి ఆగకుండా ఒకటే కూత. రేపు పొద్దున జాతకాలు చూపించుకోవడానికి ముద్దనూరు నుంచి పెళ్లివారు వస్తారు. నాన్న గడప దగ్గరే నిలబడి ఆ నల్లటి తెర వంకే చూస్తున్నారు.

అంగడాయనకు ఫోన్ చేస్తే, "పీకి చూడప్పా, పళ్లకేమన్నా అంటుకుందేమో" అన్నాడు. పీకి చూస్తే, ర్యామ్ అంచున వరసగా ఉండే బంగారు రంగు పళ్ల మీద ఎర్రగా కుంకుమ!

"అమ్మా, దీనికి బొట్టు పెట్టినావా?"

"కొత్త వస్తువు గదరా, పెట్టకుండా యాడన్నా వాడతారా? బంగారం మాదిరి మెరుస్తాంటే ఆడనే పెట్టినా."

రబ్బరుతో తుడిచి మళ్లీ బిగించాను. తెర వెలిగింది, జాతకాలన్నీ కనిపించాయి. అమ్మ మాత్రం అదంతా బొట్టు మహిమే అంటోంది.

ఆపే ధైర్యం లేక కంప్యూటర్ని ఇంకా అలాగే ఉంచాం. కాపీ తీయడానికి కొత్త పెన్‌డ్రైవ్ తెచ్చాను గానీ, జేబులోంచి తీయాలంటే భయం. అమ్మ కుంకుమ భరిణె పట్టుకుని ఇక్కడే తిరుగుతోంది. మీ ఇళ్లలో కొత్త వస్తువులు ఎక్కడ దాస్తారో కాస్త చెప్పండి.