లీడ్స్ ఇంటి మీద నా సంతకం

చిన్నన్నయ్య పోయిన ఏడు నెలలకు లీడ్స్ వెళ్ళడానికి నాకు నాలుగు రోజుల సెలవు దొరికింది. డెబ్బయ్యో దశకం మొదట్లో బెల్‌ఫాస్ట్ ఆసుపత్రిలో, అందులోనూ క్యాజువాలిటీలో డాక్టరుగా పనిచేసేవాడికి అదే ఎక్కువ. డ్యూటీల రోటాలో నా బదులు పనిచేయమని ముగ్గురిని బతిమాలాల్సి వచ్చింది.

పడవ దిగి రైలెక్కాక కోటు జేబులోంచి పెద్దన్నయ్య ఉత్తరం తీసి మళ్ళీ చదివాను. మా ముగ్గురన్నదమ్ముల్లో ఆయనే పెద్ద, గుంటూరులో ప్లీడరు. "ఆ ఇల్లు అమ్మేసి మీ వదిననూ పిల్లనూ విమానం ఎక్కించు. ఒంటరి ఆడది ఆ దేశంలో ఎలా బతుకుతుంది?" అని రాశాడు. అలాగే చేస్తానని నేను అప్పటికే జవాబు రాసేశాను.

ఆ ఇల్లు చిన్నన్నయ్యా నేనూ లీడ్స్‌లో ఒకే ఆసుపత్రిలో ఉన్నప్పుడు కలిసి కొన్నది. తర్వాత నేను బెల్‌ఫాస్ట్ వెళ్ళిపోయినా, ఈ దేశంలో ఇల్లంటే నాకు అదే. ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. బెల్‌ఫాస్ట్ అల్లర్లలో రోజూ వచ్చే బాంబు గాయాలకు కుట్లు వేసి వేసి విసిగిపోయి, లీడ్స్‌కే తిరిగొచ్చేయాలని చూస్తున్నాను. వాళ్ళిద్దరూ వెళ్ళిపోతే ఇల్లు అమ్మకుండా నేనే ఉండొచ్చు కదా అనుకున్నాను. ఈ సంగతి పెద్దన్నయ్యకు రాయలేదు.

వదిన తలుపు తీసింది. దగ్గర్లోని బడిలో పిల్లలకు మధ్యాహ్నం భోజనం వడ్డించే పనిలో చేరానని చెప్పింది. అన్నం పెడుతూ, "రేపు ఇంటి కాగితాలు చూసే లాయరు, ఆ సాలిసిటర్, రమ్మన్నాడు. ఇల్లు నా పేర రాసివ్వమని నిన్ను అడుగుదామనుకుంటున్నా. పిల్ల ఇక్కడే చదువుకుంటుంది. నేను గుంటూరు రాను," అంది.

నా సగం వాటా గురించి అంటోందనుకున్నాను. "చూద్దాం వదినా," అన్నాను.

అన్నయ్య తొమ్మిదేళ్ళ కూతురు మా మాటలన్నీ వింటూ కూర్చుని, "ఆర్ యూ స్టేయింగ్ ఫర్ ద వీకెండ్, బాబాయ్?" అని అడిగింది. శుక్రవారమే వెళ్ళిపోతానన్నాను.

మర్నాడు సాలిసిటర్ కాగితాలు తిరగేసి, గొంతు సవరించుకుని నెమ్మదిగా చెప్పాడు. ఇంట్లో ఎవరి వాటా ఎంతో విడదీసి రాయలేదు, ఉమ్మడిగా ఉంచారు. అలాంటప్పుడు ఒకరు పోతే ఇల్లు మొత్తం బతికున్నవాడిదే. పోయినవాడి భార్యకూ బిడ్డకూ అందులో ఏమీ రాదు. "ఇప్పుడు ఇల్లంతా మీదే, డాక్టర్," అన్నాడు.

వదిన నా వైపు తిరిగింది. "ఏమంటున్నాడు?"

"ఇంకా ఏవో కాగితాలు రావాలట," అన్నాను.

ఆ ముక్క నోట్లోంచి ఎలా వచ్చిందో నాకే తెలియదు. ఇంటికి తిరిగొచ్చాక నా ఇంట్లో నేను దొంగలా తిరిగాను. చలిగా ఉందని వదిన అన్నయ్య స్వెటర్ తెచ్చిచ్చింది. వేసుకోక తప్పలేదు. కంచంలో రెండోసారి పప్పు వేస్తుంటే వద్దనలేకపోయాను. ఇల్లు అమ్మితే వదిన బతుకు రోడ్డున పడుతుంది, అమ్మకపోతే పెద్దన్నయ్యకిచ్చిన మాట పోతుంది, రాసిచ్చేస్తే నేను బెల్‌ఫాస్ట్‌లోనే మిగిలిపోతాను. గురువారం వానలో గంటసేపు వీధులన్నీ తిరిగాను. వెళ్ళడానికి మరో చోటు లేక ఆ గుమ్మంలోకే తిరిగొచ్చాను.

శుక్రవారం పొద్దున పిల్ల బడికి వెళ్ళాక చెప్పేశాను. "వదినా, మొన్న నీతో అబద్ధం చెప్పాను. ఇల్లంతా నాదేనట."

ఆమె గిన్నెలు కడగడం ఆపలేదు. "తెలుసు. నాలుగు నెలల కిందటే పక్కింటావిణ్ణి తోడు తీసుకుని వెళ్ళి ఆ సాలిసిటర్‌ని అడిగి కనుక్కున్నా."

"మరి ఏమంటున్నాడని నన్నెందుకు అడిగావు?"

"నువ్వేం చెబుతావో విందామని."

అందులో నిష్ఠూరం లేదు. తిట్టినా బాగుండేదనిపించింది.

ఆ రోజు ఆమె పనికి వెళ్ళలేదు. ఇద్దరం సాలిసిటర్ దగ్గరికి వెళ్ళాం. ఇల్లు ఆమె పేర మార్చమని రాయించి కింద సంతకం పెట్టాను. మంచితనంతో పెట్టానని ఇప్పటికీ చెప్పుకోలేను. ఆమె పక్కన కూర్చుని ఉండగా మరో పని చేసే ధైర్యం నాకు లేకపోయింది. అక్కణ్ణుంచి అటే స్టేషన్‌కు వెళ్ళాను.

"మీ ఇద్దరి కష్టాన్నీ చేజేతులా పారబోశావు" అని పెద్దన్నయ్య ఒక కార్డు రాశాడు. తర్వాత మూడేళ్ళు ఆయన దగ్గర్నుంచి ఉత్తరం లేదు. నేను ఇంకో అయిదేళ్ళు బెల్‌ఫాస్ట్‌లోనే ఉన్నాను. లీడ్స్‌లో ఉద్యోగాలు పడ్డా దరఖాస్తు పెట్టలేదు. ఆ ఊళ్ళో అద్దె గదిలో ఉంటూ ఆ వీధి మీదుగా నడవడం నా వల్ల అయ్యే పని కాదు.

వదినకు బడి వంటశాల మొత్తం అప్పగించారు. అన్నయ్య కూతురు బాగా చదువుకుంది. ఏడాదికోసారి వెళ్ళి చూసొచ్చేవాణ్ణి. వదిన ముందుగదిలో కూర్చోబెట్టి, కప్పూ సాసరూ బల్ల మీద పెట్టి, "ఎన్నాళ్ళుంటారు మీరు?" అని అడిగేది. ఎప్పుడూ నువ్వనే మనిషి నోట మొదటిసారి ఆ 'మీరు' విని వేళాకోళమేమో అనుకున్నాను. కాదు.